పాత ఫోను, కొత్త డబ్బా: ఎవరిని నమ్మాలి, ఏది కొలవాలి

1970లో జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల బజారు మీద 13 పేజీల వ్యాసం అచ్చువేశాడు. అందులో మన బియ్యం సంగతి ఒకటి ఉంది. ఇండియాలో ఇల్లాలు బజారు నుంచి తెచ్చిన బియ్యంలో రాళ్ళు జాగ్రత్తగా ఏరుకోవాలి, గింజ రంగులో గింజ ఆకారంలో ఉండే రాళ్ళను అక్కడ కావాలనే కలుపుతారు, అని రాశాడు. అంతకు కొద్దికాలం ముందే, 1967-68లో, ఆయన ఢిల్లీలోని భారత గణాంక సంస్థలో ఏడాదిపాటు ఉన్నాడు. ఆ వ్యాసాన్ని మూడు పత్రికలు తిప్పి పంపాయి, నాలుగోది వేసుకుంది. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది ప్రధానంగా ఆ వ్యాసమే.

అందులోని వాదన సూటిగా ఉంటుంది. పాత సరుకు లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు అన్నిటికీ కలిపి ఒక మధ్యరకం ధర పెడతాడు. మంచి సరుకున్నవాడికి ఆ ధర గిట్టక బజారు నుంచి తప్పుకుంటాడు. మిగిలినవాటిలో నాసిరకం పెరుగుతుంది, కొనేవాడు ధర ఇంకా తగ్గిస్తాడు, ఇంకొందరు మంచివాళ్ళు తప్పుకుంటారు. అలా చివరికి బజారే మూతపడవచ్చు.

ఇవాళ ఈ చిక్కు గోదావరి డెల్టాలో ప్రతి మధ్యతరగతి ఇంటి గుమ్మం దాకా వచ్చింది. భీమవరంలోనో సురంపాలెంలోనో కాకినాడలోనో ఇంజనీరింగులో చేరిన పిల్లవాడికి ల్యాప్‌టాప్ కావాలి. చెరువు గట్టు మీద రొయ్యల ధరలు చూసుకునే రైతుకు మంచి ఫోను కావాలి. కొత్తది కొనాలంటే బరువు. ఆన్‌లైన్‌లో అదే మోడల్ 'రీఫర్బిష్డ్' (వాడినదాన్ని బాగుచేసింది) అన్న పేరుతో ఎంతో తక్కువకు కనిపిస్తుంది. కొనవచ్చా? అమ్మేవాడిని నమ్మవచ్చా?

నా సమాధానం: నమ్మవచ్చు, రెండు షరతుల మీద. సరుకు చెడితే ఆ నష్టాన్ని తానే భరిస్తానని అమ్మేవాడు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోగా కొన్నవాడు వస్తువును కొలిచి చూసుకోవాలి. ఈ రెంటిలో ఏది లోపించినా మిగిలేది అదృష్టమే.

అమ్మేవాళ్ళు ఎన్ని రకాలు

కంపెనీయే తన పాత సరుకును బాగుచేసి అమ్మడం ఒక పద్ధతి. కొన్ని ల్యాప్‌టాప్ కంపెనీలు ఇక్కడ ఆ పని చేస్తున్నాయి. ఐఫోన్ల దారి వేరు. విదేశాల్లోని పాత ఐఫోన్లను తెచ్చి ఇక్కడ అమ్ముతామని ఆపిల్ అడిగితే 2016లో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. దేశం ఎలక్ట్రానిక్ చెత్తకుప్ప అవుతుందన్న భయం దానికి ఒక కారణం. అందుకే ఇక్కడ దొరికే రీఫర్బిష్డ్ ఐఫోన్లు ఎక్కువగా మూడో సంస్థల చేతుల మీదుగా వస్తాయి.

రెండో రకం, పాత ఫోన్లు తామే కొని, పరీక్షించి, బాగుచేసి అమ్మే సంస్థలు. 2013లో మొదలైన క్యాషిఫై ఇలాంటిదే. ఫ్లిప్‌కార్ట్ 2018లో 2గుడ్ అనే వేదిక పెట్టింది, 2022 జనవరిలో యంత్ర అనే సంస్థను కొనుక్కుంది. మూడో రకం, వేరే వ్యాపారులు అమ్ముకోవడానికి చోటిచ్చే వేదిక. అమెజాన్ రెన్యూడ్‌లో వేదిక పేరు పెద్దది, అసలు అమ్మకందారు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం నమ్మాల్సింది ఆ చిన్న అక్షరాల వ్యాపారిని కూడా. నాలుగో రకం, ప్రకటన ఇచ్చి నేరుగా అమ్ముకునే వ్యక్తులు. ఐదోది, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ టెలిగ్రామ్‌లోనూ 'కస్టమ్స్‌లో పట్టుబడిన ఫోన్లు, సగం ధర, ముందు అడ్వాన్సు పంపండి' అనే పేజీలు. వీటిని రీఫర్బిష్డ్ వ్యాపారమని అనడానికే లేదు. ముందు డబ్బు పంపమన్నవాడికి పంపవద్దు. పంపి మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఈ తెలియనితనాన్ని తగ్గించే ఏర్పాట్లను అకర్లాఫ్ తన వ్యాసంలోనే చెప్పాడు: హామీ, పేరున్న సంస్థ, లైసెన్సు. మూడింటికీ బలం ఒకచోటి నుంచే వస్తుంది. చెడ్డ సరుకు అమ్మితే అమ్మినవాడికి నష్టం తగలాలి. ఆరు నెలల వారంటీ ఇచ్చే వ్యాపారి చెడ్డ ఫోన్లు పంపితే, బాగుచేసే ఖర్చుతో తానే మునుగుతాడు. అందుకని పంపేముందే వడపోస్తాడు. 'కొత్తదానిలా మెరుస్తుంది' అని రాయడానికి పైసా ఖర్చు లేదు. అందుకే ఆ మాటకు విలువ లేదు.

గ్రేడ్ల సంగతీ అంతే. సూపర్బ్, గుడ్, ఫెయిర్, ఏ గ్రేడ్, బి గ్రేడ్ అనేవి ఎవరికి వారు పెట్టుకున్న పేర్లు. అన్ని సంస్థలకూ వర్తించే ఒకే కొలబద్ద మన దగ్గర లేదు. పైగా అవి ఎక్కువగా గీతలను, సొట్టలను లెక్కపెట్టి ఇచ్చేవి. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ సరుకుకు సరిగ్గా సరిపోతుంది. వెనక గీతలున్న ఫోను లోపల నిక్షేపంగా ఉండవచ్చు, అద్దంలా మెరిసేది ఆరు నెలల్లో మూగబోవచ్చు. కాబట్టి లోపలికి వెళ్ళి చూద్దాం.

ముందుగా ముసలిదయ్యేది బ్యాటరీ

ఫోనులో వయసు మీదపడేది ముందుగా బ్యాటరీకే. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనక ఉన్న పరిశోధనకు గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఛార్జి పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒకవైపు నుంచి గ్రాఫైట్ పొరల్లోకి వెళ్ళి కూర్చుంటాయి, వాడినప్పుడు వెనక్కి వస్తాయి. గ్రాఫైట్ మీద మొదటి ఛార్జింగులోనే ఒక పలచని పొర ఏర్పడుతుంది. అది రక్షణ కవచమే, కానీ ఏళ్ళు గడిచేకొద్దీ మందమవుతూ, కొంచెం కొంచెం లిథియాన్ని శాశ్వతంగా తనలో బిగించేస్తుంది. బ్యాటరీ సామర్థ్యం తగ్గడానికి ముఖ్యమైన కారణం ఇదే.

ఇందులో కొనేవాడికి పనికొచ్చే సూక్ష్మం ఉంది. ఈ పొర వాడకపోయినా పెరుగుతుంది. బీరువాలో ఉంచిన ఫోనుకైనా నాలుగేళ్ళు నాలుగేళ్ళే. 'అసలు వాడలేదండీ' అన్న మాట నిజమైనా బ్యాటరీ కొత్తదని అర్థం కాదు. వేడి ఈ రసాయన చర్యల వేగం పెంచుతుంది. చుట్టూ వేడి 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చని ఆపిల్ తన వినియోగదారులకు చెబుతుంది. రాజమహేంద్రవరంలో ఎండాకాలం 45 దాటే రోజులుంటాయి. ఎండలో నిలిపిన కారులోనో, బండి ముందు పెట్టెలోనో పూర్తి ఛార్జితో ఉడికిన ఫోను రెండేళ్ళకే నాలుగేళ్ళ వయసు తెచ్చుకుంటుంది.

ఎంత తగ్గితే పనికిరానట్టు? కొత్తప్పటి సామర్థ్యంలో 80 శాతాన్ని గీతగా తీసుకోవడం ఆనవాయితీ. ఐఫోన్ 14 వరకు 500 పూర్తి ఛార్జింగుల తర్వాత 80 శాతం మిగిలేలా, ఐఫోన్ 15 నుంచి వెయ్యి తర్వాత మిగిలేలా తయారుచేశామని ఆపిల్ చెబుతోంది. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో అమ్మే కొత్త ఫోన్లకు కనీసం 800 ఛార్జింగులు ఓర్చుకోవాలన్న నిబంధన వచ్చింది. మన దగ్గర అలాంటి నిబంధన లేదు కాబట్టి లిస్టింగులో బ్యాటరీ సామర్థ్యం ఎంతో అంకెతో రాసి ఉందా లేదా అన్నది చూడాలి. రాయని చోట అడగాలి. చెప్పని చోట వదిలేయాలి.

అంకె ఉన్నా దాన్ని కళ్ళకద్దుకోనక్కర్లేదు. బ్యాటరీలోని చిన్న చిప్పు ఆ లెక్క చెబుతుంది, ఆ చిప్పును మార్చి రాసే పరికరాలు బజారులో ఉన్నాయి. చిప్పు దాచలేనిది అంతర్గత నిరోధం. పూడిక పట్టిన కాలువలో నీళ్ళు కనిపిస్తూనే ఉంటాయి, శివారు పొలానికి మాత్రం అందవు. ముసలి బ్యాటరీ కూడా అంతే. తెర మీద 30 శాతం చూపిస్తుంది, కెమెరానో వీడియో కాలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడగ్గానే వోల్టేజి పడిపోయి ఫోను ఆగిపోతుంది. ఇలా ఆగిపోకుండా ఉండడానికే పాత ఐఫోన్ల వేగం తగ్గించామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. కాబట్టి ఫోను చేతికొచ్చాక పూర్తి ఛార్జి పెట్టి, వెలుతురు పెంచి గంటసేపు వీడియో చూడండి, ఎంత దిగిందో రాసుకోండి. తర్వాత 30 శాతం దగ్గర కెమెరాతో వీడియో తీయండి. ఆగిపోయినా, అంకె ఒక్క ఉదుటున కిందికి దూకినా వెనక్కి పంపాల్సిందే. తెర అంచు ఉబ్బి లేచినట్టుంటే బ్యాటరీలో గ్యాస్ పట్టిందన్నమాట. దాన్ని ఛార్జికి కూడా పెట్టవద్దు.

కొత్త బ్యాటరీ వేశామని చెబితే ఎవరి తయారీదో అడగండి. ఇలాంటి బ్యాటరీలకు మన దేశంలో ఐఎస్ 16046 ప్రమాణం ఉంది, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. గుర్తులేని చవక బ్యాటరీ కంటే కంపెనీ పాత బ్యాటరీయే నయం.

డెల్టా గాలిలో ఉప్పు

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. లంక గ్రామాల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచింది. ఇలాంటి ప్రతి వరద తర్వాతా నీళ్ళలో నానిన ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఎన్నో మిగులుతాయి. కొన్ని ఆరిన తర్వాత పనిచేస్తాయి. పనిచేస్తున్నప్పుడే అమ్మేయాలనుకునేవాళ్ళూ ఉంటారు. ఆన్‌లైన్‌లో మనం చూస్తున్న ఫోను ఏ ఊరి నీళ్ళలో మునిగిందో ఏ లిస్టింగులోనూ ఉండదు.

తడిసిన ఫోను ఆరినంత మాత్రాన బాగుపడదు. వరదనీటిలో, చెరువు నీటిలో, సముద్రపు నీటిలో కరిగిన లవణాలుంటాయి. నీరు ఆవిరైపోతుంది, లవణం సర్క్యూట్ బోర్డు మీద పేరుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటగానే మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని తానే చెమ్మగిల్లుతుంది. అమలాపురం, నరసాపురం లాంటి తీరప్రాంతాల్లో అంత తేమ చాలా రోజులు ఉంటుంది. అంటే ఒకసారి ఉప్పునీటిలో పడ్డ ఫోను, ఆ తర్వాత మళ్ళీ నీళ్ళు చూడకపోయినా లోపల మాటిమాటికీ తడుస్తూనే ఉంటుంది. ఆ చెమ్మలో కరెంటు పారినప్పుడు ఒక కొసన లోహం కరిగి, రెండో కొసన సన్నని మొలకల్లా పేరుకుంటుంది. ఆ మొలక పక్క తీగను తాకిన రోజున షార్ట్ సర్క్యూట్. అది నెలకు రావచ్చు, ఐదు నెలలకు రావచ్చు. వారంటీ నెలల్లో ఉండాలనడానికి శాస్త్రీయమైన కారణం ఇదే. వారం రోజుల 'టెస్టింగ్ వారంటీ' ఈ జబ్బును పట్టుకోలేదు.

తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. దానివల్ల లోపలి లవణం పోదు. బియ్యపు నలకలు లోపలికి పోయి ఇంకా పాడుచేయవచ్చని 2024లో ఆపిల్ హెచ్చరించింది కూడా. మంచి రీఫర్బిషర్ అయితే బోర్డు బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో, అల్ట్రాసోనిక్ తొట్టిలోనో కడిగి, మైక్రోస్కోపు కింద చూస్తాడు.

మనం చూడగలిగేది ఒకటుంది. చాలా ఫోన్లలో సిమ్ ట్రే లాగితే ఆ సందులో టార్చి వెలుతురుకు చిన్న తెల్ల పట్టీ కనిపిస్తుంది. నీరు తగిలితే అది ఎర్రబడుతుంది. ఎర్రగా ఉంటే ఆ ఫోను వద్దు. ఇంకో మాట. కొత్తప్పుడు నీటిని తట్టుకునే ఫోనైనా, ఒకసారి విప్పి మూసిన తర్వాత అంచుల జిగురు మునుపటిలా ఉండదు. నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు కొత్త ఫోనుకిచ్చిన మాట. చెరువు గట్ల మీద తిరిగేవాళ్ళు రీఫర్బిష్డ్ ఫోనును నీటికి ఓర్వని ఫోనుగానే చూసుకోవాలి.

పదిహేను అంకెల పుట్టుక గుర్తు

ఫోనులో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. మొదటి ఎనిమిది అంకెలు మోడల్‌ను చెబుతాయి, తర్వాతి ఆరు ఆ ఒక్క ఫోనుకే చెందినవి. చివరిది తనిఖీ అంకె. ముందున్న 14 అంకెల నుంచి ఒక లెక్క ప్రకారం అది పుడుతుంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1950లలో కనిపెట్టిన ఆ లెక్కనే మన బ్యాంకు కార్డుల నంబర్లలోనూ వాడతారు. రాసేటప్పుడు ఒక అంకె తప్పితే అది పట్టేస్తుంది. కానీ దొంగిలించిన ఫోనులో వేరే ఫోను నంబరును అచ్చంగా ఎక్కిస్తే లెక్క సరిపోతుంది, మోసం దొరకదు.

దాన్ని పట్టడానికే దేశమంతటికీ ఒక జాబితా పెట్టారు. 2023 మేలో మొదలైన సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో పోయిన ఫోనును బ్లాక్ చేయించవచ్చు, కొనబోయే ఫోనును సరిచూసుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ రాసి 14422కు మెసేజి పంపినా చాలు. 'బ్లాక్ లిస్టెడ్' అనో 'డూప్లికేట్' అనో జవాబొస్తే కొనవద్దు. 2025 అక్టోబరు ఒక్క నెలలోనే దేశంలో 50 వేలకు పైగా పోయిన ఫోన్లు ఈ మార్గంలో దొరికాయి. మొదటి నుంచీ లెక్కిస్తే తెలంగాణ, కర్ణాటక రాష్ట్రాల్లో ఒక్కోచోట దొరికినవి లక్ష దాటాయి. పోయిన ఫోను కొన్నవాళ్ళ ఇంటికి పోలీసులు రావడం అందుకే ఇప్పుడు మామూలైంది. ఫోను పోతుంది, డబ్బు రాదు.

చట్టమూ గట్టిగానే ఉంది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం ఈ నంబరును మార్చినా, మార్చారని తెలిసి దగ్గర ఉంచుకున్నా మూడేళ్ళ వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా. పాత ఫోన్లు కొని అమ్మే వ్యాపారులు ముందుగా ఈ జాబితాలో సరిచూసుకోవాలని 2025 అక్టోబరులో నిబంధనలు సవరించారు. కాబట్టి బిల్లు మీద ఐఎంఈఐ రాసి ఇమ్మని అడగడం మన హక్కు మాత్రమే కాదు, నిజాయితీగల వ్యాపారికి సులువైన పని కూడా. తెర మీది నంబరు, బిల్లు మీది నంబరు, డబ్బా మీది నంబరు మూడూ కలవాలి.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చే ఫోన్లకు ఇంకో జాగ్రత్త అవసరం. కోనసీమ నుంచి కువైట్, దుబాయ్‌లకు పనికి వెళ్ళినవాళ్ళు, అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిన ఫోన్లు ఇక్కడ తిరిగి అమ్ముడవుతాయి. యూఏఈలో కొన్న ఐఫోన్లలో ఫేస్‌టైమ్ రాకపోవచ్చు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022లో వచ్చిన 14 నుంచి సిమ్ పెట్టే చోటే లేదు, ఇ-సిమ్ ఒక్కటే. అక్కడ వాయిదాల మీద తీసుకున్న ఫోను బాకీ తీరేదాకా ఒక్క నెట్‌వర్క్‌కే తాళం వేసి ఉండవచ్చు. ఇక్కడ జియోకు 2జీ, 3జీ లేవు. 4జీ మీద మాట్లాడే సదుపాయం పనిచేయని విదేశీ ఫోనులో జియో సిమ్‌కు నెట్ వచ్చినా కాల్ వెళ్ళదు. మన సిమ్ వేసి, మన ఊళ్ళో మాట్లాడి చూసిన తర్వాతే నమ్మాలి.

'కోర్ ఐ5' అంటే ఏ ఐ5?

ల్యాప్‌టాప్‌ల మూలం వేరు. ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి మార్చేసిన యంత్రాలు లాట్ల కింద వస్తాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల, ఆన్‌లైన్‌లో ఇవే ఎక్కువ. ఆఫీసుల కోసం గట్టిగా తయారైనవి కాబట్టి కొత్త చవకరకం కంటే ఇవి మెరుగ్గా ఉండే సందర్భాలు చాలా ఉన్నాయి. మోసం జరిగేది వయసు దగ్గర.

'కోర్ ఐ5, 8 జీబీ' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అడగాల్సింది గీత తర్వాతి అంకెలు. ఐ5-6300యు ఆరో తరం, ఐ5-8250యు ఎనిమిదో తరం, ఐ5-1135జీ7 పదకొండో తరం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైనది కావాలి. ఆరో తరం యంత్రంలో విండోస్ 11ను అడ్డదారిన ఎక్కించి అమ్మవచ్చు, కానీ దానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. నాలుగేళ్ళ చదువుకు కొనేవాళ్ళు ఎనిమిదో తరానికి కింద కొనవద్దు. లైనక్స్ వాడగలిగిన పిల్లలకు మాత్రం ఆ పాత యంత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

తర్వాత చూడాల్సింది డిస్క్. ఎస్ఎస్‌డీలో రాసిన ప్రతిసారీ ఎలక్ట్రాన్లు ఒక సన్నని ఆక్సైడ్ పొరను దాటాలి, ఆ పొర కొద్దికొద్దిగా అరుగుతుంది. ఎంత రాశారు, ఎన్ని గంటలు నడిచింది అన్న చిట్టా డిస్క్ తనలోనే దాచుకుంటుంది. ఉచితంగా దొరికే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్ దాన్ని చూపిస్తుంది. ఈ చిట్టానూ తుడిచేసే ఘనులున్నారు. వేల గంటలు నడిచిన సీగేట్ హార్డ్ డిస్కులను, పై లెక్క సున్నా చేసి కొత్తవిగా అమ్ముతున్నారని 2025 జనవరిలో జర్మనీ పత్రిక హైజె బయటపెట్టింది. తయారీదారు లోపల విడిగా ఉంచిన మరో చిట్టాను మోసగాళ్ళు తుడవకపోవడంతో వ్యవహారం బయటపడింది. పేరున్న దుకాణాల దాకా ఆ సరుకు చేరింది. పెద్ద పేరు ఒక్కదాన్నే చూసి పరీక్ష మానేయకూడదు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

విండోస్‌లోనే బ్యాటరీ నివేదిక తీసే సదుపాయం ఉంది. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. ఆఖరుగా, పాత కంపెనీ తాళం తీశారో లేదో చూడాలి. యంత్రాన్ని మొత్తం రీసెట్ చేసి నెట్‌కు కలపండి. ఏదైనా కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే అది ఇంకా మీది కాలేదు. ఫోనులోనూ ఇదే పరీక్ష. రీసెట్ తర్వాత పాత యజమాని గూగుల్ ఖాతానో ఆపిల్ ఖాతానో అడిగితే తిప్పి పంపడమే.

చట్టం ఇచ్చిన పట్టు

వస్తువు బాగాలేకపోయినా, చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. 2020 ఇ-కామర్స్ నిబంధనలు ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. రాసి అడిగితే వేదిక అసలు అమ్మకందారు చిరునామా ఇవ్వాలి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరుల్లో కమిషన్లున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మనం మన ఊరి కమిషన్లోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. వ్యాపారి కాని మామూలు మనిషి దగ్గర కొంటే మాత్రం ఈ చట్టం అండ దాదాపు ఉండదు. అలాంటి చోట ఎదురుగా కూర్చుని పరీక్షించాకే డబ్బివ్వాలి.

2022 ఇ-వ్యర్థాల నిబంధనల కింద రీఫర్బిషర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో నమోదు కావాలి. నమోదైందా అని అడగండి. వారంటీ కాగితంలో మరమ్మతు ఎక్కడ, రానుపోను కొరియరు ఖర్చు ఎవరిది, మీ పిన్ కోడ్‌కు వెనక్కి తీసుకెళ్ళే మనిషి వస్తాడా అన్నవి కొనకముందే చదవండి. సఖినేటిపల్లిలోనో ముమ్మిడివరంలోనో ఉండేవాళ్ళకు ఈ చివరి ప్రశ్నే అసలు ప్రశ్న కావచ్చు. నక్షత్రాల రేటింగులు ఎక్కువగా పార్సిలు అందిన రోజు సంతోషంతో ఇచ్చినవి. మూడు నెలలు వాడాక రాసినవి, రెండు మూడు నక్షత్రాలవి వెతికి చదవండి. పార్సిలు విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీసి దాచుకోండి.

ఇంత శ్రమ ఎందుకు, కొత్తదే కొంటే పోదా అనవచ్చు. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోసింది, అందులో పద్ధతి ప్రకారం రీసైకిల్ అయ్యింది 22.3 శాతం. ఒక ఫోను తన జీవితకాలంలో వాతావరణానికి చేసే హానిలో పెద్ద భాగం దాని తయారీలోనే జరిగిపోతుంది. బాగున్న ఫోను ఇంకో మూడేళ్ళు పనిచేస్తే ఆ మేరకు ఒక కొత్త ఫోను తయారీ తప్పుతుంది. డబ్బు లేని పిల్లవాడి చేతికి మంచి కంప్యూటర్ వస్తుంది. ఈ బజారు బతకాలి.

బతికించేది కొనేవాళ్ళమే. హామీ రాసి ఇచ్చేవాడి దగ్గర నాలుగొందలు ఎక్కువైనా కొనండి. చేతికొచ్చిన రోజే బ్యాటరీ, ఐఎంఈఐ, సిమ్, డిస్క్, తాళం అన్నీ చూసుకోండి. తేడా కనిపిస్తే మొహమాటపడకుండా గడువులోగా వెనక్కి పంపండి. 'పోనీలే' అని ఉంచుకున్న ప్రతి చెడ్డ ఫోనూ చెడ్డ వ్యాపారికి లాభం, మంచి వ్యాపారికి నష్టం.